మా ఇంటి తుపాకి

మా ఇంట్లో ఓ తుపాకి ఉండేది. ఈ మాట అనగానే వినేవాళ్ళు రెండు రకాలుగా చూస్తారు. కొందరు కుర్చీ ముందుకి జరుపుకుని, "ఎన్ని పులుల్ని కొట్టారేమిటి?" అంటారు. మరికొందరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. నేను పులిని చూసింది విశాఖపట్నం జంతుప్రదర్శనశాలలోనే. ఇక కుర్చీ వెనక్కి జరుపుకోవలసిన పనీ లేదు. ఆ తుపాకి ఇప్పుడు మా ఇంట్లో లేదు. అది ఎలా వచ్చిందో, ఎలా వెళ్ళిందో, మధ్యలో నాచేత ఏం చేయించిందో చెబుతాను.

మాది పార్వతీపురం దగ్గర, నాగావళి ఒడ్డున చిన్న ఊరు. ఓ పక్క కొండలు, ఓ పక్క చెరకుతోటలు. గుమ్మం దాటకుండానే మేము నాలుగు జిల్లాలు తిరిగాం. మా తాతగారి నాటికి మాది విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా అయింది. 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లా. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. నాలుగో జిల్లా ముద్ర పడేలోగా మా లైసెన్సు పని సరి!

నేను పేల్చిన మొదటి తుపాకి మాత్రం మా ఇంటిది కాదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరలో బుడగల దుకాణంవాడిది. దసరా వెళ్ళిన మంగళవారంనాడు జాతర. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా మావయ్య నన్ను భుజాలమీద ఎక్కించుకుని సిరిమాను చూపించి, ఆ దుకాణం దగ్గర దించాడు. గాలి తుపాకి. అణాకి నాలుగు దెబ్బలు. మూడు దెబ్బలకి ఒక్క బుడగా పగల్లేదు. నేను ఏడుపు మొహం పెట్టాను.

"నీ గురి బాగానే ఉందిరా. వాడే గొట్టం వంచి పెట్టుకున్నాడు. జానెడు ఎడంపక్కకి కొట్టు" అన్నాడు మావయ్య.

కొట్టాను. పగిలింది. ఆ పగిలిన చప్పుడు నెల్లాళ్ళపాటు నా చెవుల్లో ఉండిపోయింది. మగపిల్లవాడికి ఈ పిచ్చి పట్టించడానికి అణా చాలు సుమండీ!

మా తాతగారు ఊరి మునసబు. ఆయనకి పంటకాపుకోసమని ఓ నాటు తుపాకి ఉండేది. దాన్ని పేల్చడం ఓ చిన్న యజ్ఞం. మూతిలోంచి మందు పోయాలి. కొబ్బరిపీచు కూరాలి. గజంతో దట్టించాలి. రవ్వలు పోసి మళ్ళీ పీచు కూరాలి. వెనకాల రాగిటోపీ పెట్టి, గుర్రం ఎత్తాలి. ఇంతలో పంది చెరకు తిని, ఏట్లో నీళ్ళు తాగి, కొండెక్కిపోయేది. పేలిన తరవాత నిమిషంసేపు పొగ తప్ప ఏమీ కనిపించేది కాదు. తాతగారు ఆ పొగలోంచే "తగిలిందా?" అని కేకవేసేవారు. తగిలిందన్నవాడికి చుట్ట దొరికేది. అంచేత ఎప్పుడూ తగిలేది.

దసరాకి నాగలి, కత్తిపీట, కొడవలి వీటన్నిటి పక్కనా ఆ తుపాకిని పెట్టి మా అమ్మ కుంకంబొట్టు పెట్టేది. బొట్టు పెడుతూ ప్రతి ఏడూ ఒకటే మాట అనేది. "అమ్మా తల్లీ, ఈ ఏడు కూడా నీతో పని పడకుండా చూడు." నాగలికి మాత్రం ఇలా మొక్కేది కాదు.

1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి, 1962 అక్టోబరు నుంచి అమలయింది. పంటకాపుకోసం మూతిమందు తుపాకికీ, స్వరక్షణకోసం ఇరవై అంగుళాలకి తక్కువకాని నున్నగొట్టం తుపాకికీ లైసెన్సు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. మా నాన్నగారు తాతగారి తుపాకిని అప్పగించేసి, రెండుగొట్టాల తుపాకి కొన్నారు. పన్నెండు బోరు. అంటే పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పన్నమాట. ముందున్న మీట నొక్కితే కుడిగొట్టం, వెనక మీట నొక్కితే ఎడంగొట్టం పేలుతుంది. నాన్నగారు కుడిగొట్టంలో సన్నరవ్వల తూటా పెట్టేవారు, బెదిరించడానికి. ఎడంగొట్టంలో బఠాణీగింజంత గుండ్లున్న తూటా పెట్టేవారు, బెదరని పందికోసం. ఈ కుడి ఎడమల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

1963లో నేను విజయనగరం మహారాజా కళాశాలలో చదువుతున్నాను. అంతకు ముందు ఏడే చైనా యుద్ధం జరిగింది. కాలేజీ కుర్రాళ్ళందరికీ ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. ముందు కవాతుకి చిల్లుపొడిచిన పాత రైఫిళ్ళు ఇచ్చారు. అవి పేలవు, మోతబరువు మాత్రం ఉంటుంది. తరవాత పాయింటు రెండురెండు రైఫిలు చేతికిచ్చి పాతిక గజాల దూరంలో గురిపెట్టమన్నారు. అది పిల్లిపిల్లలాంటిది. భుజానికి తెలియనే తెలియదు. ఆ తరవాత క్యాంపులో త్రీనాట్‌త్రీ వచ్చింది. అది ఇంచుమించు నాలుగు కిలోల బరువు. మొదటి దెబ్బకే నా కుడిభుజం కమిలి వంకాయరంగు తిరిగింది.

మాకు నేర్పిన హవల్దారుగారు ఉత్తరాదివారు. ఆయన తెలుగూ మా హిందీ కలిసి ఓ కొత్త భాష అయింది. ఆ భాషలో ఆయన మాకో సంగతి చెప్పారు. ఈ గుండు సెకనుకి ఏడువందల మీటర్లకి పైగా పోతుంది, చప్పుడు దానిలో సగమే పోతుంది. కనక తగిలినవాడికి తగిలిన తరవాతే వినిపిస్తుంది. "అందుకని, బాబూ, ముందు చూడు. తరవాత గురి. మీట ఆఖర్న. తెలియని దానిమీద మీట నొక్కకు" అన్నారు. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. పరీక్షకి వస్తుందేమోనని.

పరీక్ష వచ్చింది, 1966 జనవరిలో. బి.ఏ. అయి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను. చెరకు నరుకుడుకి వచ్చింది. రాత్రిళ్ళు పందులు తోటలో పడుతున్నాయి. నాన్నగారికి జ్వరం. "నేను వెడతాను, నాకు ఎన్.సి.సి. ఉంది" అన్నాను. నాన్నగారు తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు. కుడివి రెండు, ఎడమవి రెండు.

తోడుకి మా పాలేరు వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. నేను "అన్నా" అనేవాణ్ణి, అతను నన్ను "బాబూ" అనేవాడు. మంచెమీద నన్ను కూచోబెట్టి, తను కింద మంట వేసుకున్నాడు. అర్ధరాత్రి దాటేక నాకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి మంట ఆరిపోయింది. మంచు కమ్మేసింది. నలభై గజాల దూరంలో గట్టుమీద చెరకు ఆకు గలగలమంది. నల్లగా, వంగి, ఏదో కదిలింది.

ముందు చూడలేదు. గురి అయినా సరిగా చూశానని చెప్పలేను. మీట నొక్కాను.

"ఓలమ్మో! కాల్సీకండి బాబూ! నాను!" అని కేక.

నా రెండోవేలు అప్పటికే వెనక మీటమీద ఉంది. ఇంకో అరక్షణం ఆ కేక ఆలస్యమైతే ఎడంగొట్టం పేలేది. మంట మళ్ళీ వెయ్యడానికి ఎండాకు ఏరుకుంటున్నాడు పాపం. నేను చలికి వణుకుతానని.

సన్నరవ్వలు కనక బతికాడు. రెండు పిక్కల్లోనూ కలిపి ఏడు దిగాయి. భుజంమీద చెయ్యి వేయించుకుని తీసుకొస్తుంటే, నేనే పడిపోతానేమోనని తను నన్ను పట్టుకున్నాడు. ఊళ్ళో కాంపౌండరు లాంతరు వెలుగులో ఐదు రవ్వలు తీశాడు. రెండు దొరకలేదు. పోలీసుల దాకా వెడితే నామీద కేసు, లైసెన్సు రద్దు. నాన్నగారు జ్వరంతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏమీ అనలేదు. అతనే అన్నాడు.

"కంచెమీద పడ్డాను బాబూ. ముళ్ళు దిగినాయి. అంతే."

నాన్నగారు తల వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను. ఆ రోజునుంచీ ఊరికంతకీ అది కంచెముల్లే అయింది. అతని పెళ్ళానికి కూడా. నెలరోజుల కూలీ, రెండు బస్తాల ధాన్యం పంపించాం. పంపించి, తీరిపోయిందనుకున్నాం.

మరుసటి ఏడు, 1967 అక్టోబరు 31న, మా ఏజెన్సీలో లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. మొండెంఖల్లులో సభకి వెడుతున్న గిరిజనుల మీద భూస్వాముల పక్షంవాళ్ళు కాల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ తరవాత మూడేళ్ళు శ్రీకాకుళం పేరు దేశమంతా మోగింది. ఆ వార్త మా వీధి అరుగుమీద ఎవరో పేపరులో చదువుతుంటే మా పాలేరు పశువులకి కుడితి కలుపుతున్నాడు. చెయ్యి ఆపి, గోడకి వేలాడుతున్న తుపాకి వంక చూశాడు. నావంక చూడలేదు. మా తుపాకి పందులకోసమేనండీ అని నేను ఎవరికైనా చెప్పగలను. అతనికి చెప్పలేను కదా! గోడమీది తుపాకి కిందనించి చూసేవాడికి ఎలా కనిపిస్తుందో నాకు మొదటిసారి తట్టింది.

1969లో ఊళ్ళలో రాత్రి తలుపు తట్టాలంటేనే భయం. తుపాకి ఇంట్లో ఉంటే దానికోసం వాళ్ళు వస్తారు, దాన్ని ఇచ్చేస్తే ఎందుకిచ్చావని వీళ్ళు వస్తారు. రక్షణకోసం కొన్న వస్తువుని రక్షించడానికి మేము రాత్రిళ్ళు మేలుకున్నాం. చివరికి నాన్నగారు దాన్ని స్టేషన్లో దాఖలు చేశారు. నాలుగేళ్ళకి తిరిగి వచ్చింది. తుప్పుతో.

1974లో నాన్నగారు పోయారు. వారసుణ్ణి కనక లైసెన్సు నా పేరిటకి మార్పించుకున్నాను. ఎందుకంటే చెప్పడం కష్టం. నాన్నగారి వస్తువు అనేది ఓ కారణం. ఊళ్ళో మర్యాద అనేది, పైకి చెప్పని రెండో కారణం. నేను విజయనగరంలో బడిపంతులుగా చేరాను. సెలవులకి ఊరు వెళ్ళి దాని గొట్టాలు తుడిచి నూనె రాసేవాణ్ణి. 1972 వన్యప్రాణి చట్టంతో అడవిపందిని కొట్టాలన్నా అనుమతి కావలసివచ్చింది. 1991 సవరణతో వేట అనేదే ముగిసింది. ఇక దానికి మిగిలిన పని రెండే. మూడేళ్ళకోసారి రెన్యువలు, ఎన్నికలప్పుడల్లా స్టేషన్లో దాఖలు. "మీవారికి రెండో సంసారం ఉందటగా" అని మా ఆవిడని ఇరుగుపొరుగువాళ్ళు వేళాకోళం చేసేవారు. "ఉంది. దానికి నగలు పెట్టక్కర్లేదు, నూనె ఖర్చే" అనేది మా ఆవిడ.

ఆ నలభై అయిదేళ్ళలో నేను దాన్ని ఒక్కసారీ పేల్చలేదు.

మా పాలేరు 1998లో పోయాడు. ముసురు పట్టినప్పుడల్లా పిక్క పట్టుకుని వసారాలో కూచునేవాడు. నేను ఊళ్ళో ఉంటే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు, నేను చూడకుండా.

2019 ఎన్నికలకి మామూలుగానే తుపాకి దాఖలు చేశాను. ఎన్నికలయ్యాక తెచ్చుకోమని కబురొచ్చింది. మా అబ్బాయిని అడిగాను. "మాకెందుకు నాన్నా" అన్నాడు. ఆ మాట నేను 1966లో అనవలసింది. లైసెన్సు వదులుకుంటున్నానని కాగితం రాసి ఇచ్చాను. వస్తూ దారిలో మా పాలేరు ఇంటికి వెళ్ళాను. ముసలమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా పీటమీద కూచుని, యాభైమూడేళ్ళ కిందటి సంగతి మొదలుపెట్టాను. ఆనాడు కంచె కాదు, ముల్లు కాదు, అని. మంచె దాకా చెప్పేసరికి నా గొంతు పట్టేసింది.

ఆమె గింజలు తియ్యడం ఆపలేదు.

"నాకు తెల్దేటి బాబూ! కంచెముల్లైతే నాల్రోజులు సలుపుతాది. ముప్పయ్యేళ్ళు సలపదు" అంది.

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"ఆడు సెప్పకుంటే నానెందుకడుగుతాను? నువ్వొచ్చి సెప్తావని ఆడనీవోడు. ఆడున్నప్పుడొస్తే బాగుణ్ణు."

నేను మాట్లాడలేదు. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి లేచాను.

మా ఇంట్లో ఆ మేకు ఇంకా ఉంది. దానికి ఇప్పుడు మా ఆవిడ గొడుగు తగిలిస్తుంది. ముసురు పట్టినప్పుడు గొడుగుకోసం చెయ్యి చాపితే, చెయ్యి ఇంకా ఓ క్షణం ఆగుతుంది.