సముద్ర గర్భ యుద్ధం: ఒక కథ, దాని పాఠకులు

సాహిత్య చరిత్రలో కథలకు ఉన్న స్థానం పాఠకుల స్పందనలకు లేదు. పత్రికలలో అచ్చయ్యే అభిప్రాయాలు సాధారణంగా ఆ నెలతోనే మరుగున పడతాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం కథతో సమానంగా, ఒక్కొక్కప్పుడు కథను మించి, దానిని చదివినవారి మాటలు నిలిచిపోతాయి. 1914 జూలైలో లండన్ నుంచి వెలువడిన 'స్ట్రాండ్' మాసపత్రికలో ప్రచురితమైన 'డేంజర్!' అనే కథ విషయంలో అదే జరిగింది. దాని రచయిత షెర్లాక్ హోమ్స్ సృష్టికర్తగా లోకప్రసిద్ధుడైన సర్ ఆర్థర్ కోనన్ డాయిల్. కథావస్తువు సముద్ర గర్భంలో సాగే యుద్ధం.

నార్లండ్ అనే కల్పిత దేశం బహు చిన్నది. వలస ప్రాంతపు సరిహద్దు తగాదా ఒకటి ముదిరి, మహాసామ్రాజ్యమైన బ్రిటన్‌తో దానికి యుద్ధం వస్తుంది. నార్లండ్ వద్ద ఉన్నవి ఎనిమిది జలాంతర్గాములు మాత్రమే. వాటి నాయకుడు కెప్టెన్ జాన్ సిరియస్ బ్రిటిష్ యుద్ధనౌకల జోలికి పోకుండా, ఆ దేశానికి ఆహారం మోసుకువచ్చే వాణిజ్య నౌకలను ఒక్కొక్కటిగా ముంచివేస్తాడు. రొట్టె ధర పెరుగుతుంది. ప్రజలు ఆకలికి తాళలేకపోతారు. ఒక్క యుద్ధనౌకను కోల్పోకుండానే సామ్రాజ్యం సంధికి దిగివస్తుంది. ఈ కథనంతటినీ శత్రు సేనాని తన దినచర్య గ్రంథంగా, సగర్వంగా చెప్పుకుపోతాడు. అప్పట్లో బ్రిటన్ తనకు కావలసిన గోధుమలలో దాదాపు ఐదింట నాలుగు వంతులు విదేశాల నుంచే తెప్పించుకునేది. ఊహ కల్పితమే అయినా, దానికి ఆధారం కల్పితం కాదు.

ఆ పత్రిక సంపాదకులు కథను ప్రచురించి ఊరుకోలేదు. నౌకాదళ నిపుణులకు చూపించి, వారి అభిప్రాయాలను కథతోపాటే అచ్చువేశారు. అడ్మిరల్ సర్ కాంప్టన్ డామ్‌విల్ దీనిని అసంభవంగా భావించి, జూల్స్ వెర్న్ కథల కోవలో చేర్చాడు. అడ్మిరల్ పెన్‌రోజ్ ఫిట్జెరాల్డ్ మరొక మెట్టు ముందుకు వెళ్ళాడు. ఆయుధం లేని వాణిజ్య నౌకలను టార్పెడోతో ముంచడానికి నాగరికమైన ఏ జాతీ పూనుకోదని ఆయన అభిప్రాయపడ్డాడు. ఈ రెండవ అభిప్రాయం ప్రత్యేకంగా గమనించదగినది. జలాంతర్గామికి ఆ శక్తి లేదని అడ్మిరల్ అనలేదు. శక్తి ఉన్నా దానిని మనిషి అలా వినియోగించడని అన్నాడు. తాను చదివిన కథను ఆయన యంత్రశాస్త్రంతో కాక, మర్యాదతో కొలిచాడు.

ఆ అడ్మిరల్‌ను అమాయకుడని కొట్టిపారేయడం సులభమే గాని న్యాయం కాదు. శత్రుదేశపు వాణిజ్య నౌకను ఆపాలి, సోదా చేయాలి, అందులోని మనుషుల ప్రాణాలకు రక్షణ కల్పించాలి, ఆ తరువాతనే దానిని పట్టుకోవడమో ముంచడమో చేయాలి అన్నది తరతరాలుగా సముద్రం మీద నడచిన న్యాయం. ఆ న్యాయంలో పెరిగిన మనిషికి మరొక యుద్ధం ఊహకు అందలేదు. అయితే అదే కాలంలో, పదవీ విరమణ చేసిన అడ్మిరల్ ఫిషర్ ఏలినవారికి సమర్పించిన ఒక పత్రంలో ఈ న్యాయానికి గల లోపాన్ని ఎత్తిచూపాడు. జలాంతర్గామిలో బందీలకు చోటు లేదు, పట్టుకున్న ఓడను రేవుకు నడిపించడానికి అదనపు సిబ్బందీ లేరు, కనుక ముంచడం తప్ప దానికి మరో దారి లేదని ఆయన వాదించాడు. నాటి నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ 1914 జనవరి 1న రాసిన జవాబులో, నాగరికమైన ఏ ప్రభుత్వమూ ఆ పని చేస్తుందని తాను నమ్మడం లేదన్నాడు. కథకు దక్కిన సమాధానమే అధికార పత్రానికీ దక్కింది. కనుక అపనమ్మకానికి కారణం కథ కావడం కాదు. చెప్పిన విషయమే వినేవారికి అంగీకారయోగ్యం కాలేదు.

కథ వెలువడిన కొద్ది వారాలకే, ఆగస్టు 4న, బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. సెప్టెంబరు 22న ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి మూడు బ్రిటిష్ యుద్ధనౌకలను ముంచివేయగా 1,450 మందికి పైగా మరణించారు. అక్టోబరు 20న 'గ్లిట్రా' అనే వాణిజ్య నౌక మునిగింది. అప్పటికింకా పాత మర్యాద మిగిలే ఉంది. నావికులు పడవలలోకి దిగేదాకా ఆగి మరీ దానిని ముంచారు. 1915 ఫిబ్రవరిలో జర్మనీ బ్రిటిష్ దీవుల చుట్టూ ఉన్న సముద్రాన్ని యుద్ధక్షేత్రంగా ప్రకటించడంతో ఆ మర్యాద సడలింది. మే 7న 'లూసిటేనియా' ప్రయాణికుల నౌక మునిగి సుమారు 1,200 మంది చనిపోయారు. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే ఎనిమిదిన్నర లక్షల టన్నులకు పైగా నౌకలు సముద్రం పాలయ్యాయి. 1918లో బ్రిటన్ ప్రజలు పంచదారకు, మాంసానికి, వెన్నకు రేషను కార్డులు పట్టుకుని నిలబడవలసి వచ్చింది.

అంతమాత్రాన రచయిత చెప్పిందల్లా జరిగిందనుకోరాదు. కథలో యుద్ధం కొద్ది వారాలలో ముగుస్తుంది. వాస్తవంలో నాలుగేళ్ళు సాగింది. ఇంగ్లీషు చానెల్ కింద సొరంగం తవ్వితే దేశం ఆకలి నుంచి బయటపడుతుందని డాయిల్ విశ్వసించాడు. వాస్తవంలో ఆదుకున్నది సొరంగం కాదు. 1917లో వాణిజ్య నౌకలను గుంపులుగా చేర్చి, యుద్ధనౌకల కాపలాతో నడిపించిన పద్ధతి. కథ రోగాన్ని గుర్తించింది గాని మందు చెప్పలేకపోయింది. ప్రమాదాన్ని చూపడం కథ పని. ఉపాయం వెదకవలసిన బాధ్యత దానిని చదివినవారిది.

ఈ చర్చ అంతా బ్రిటన్ రొట్టె చుట్టూ, బ్రిటన్ గౌరవం చుట్టూ తిరిగింది. ముంచిన ఓడలలో పనిచేసినవారు ఎవరన్న ప్రశ్న వెనుకబడింది. ఆ వాణిజ్య నౌకలలో బొగ్గు ఎగదోసినవారు, తాళ్ళు లాగినవారు, వంటలు చేసినవారు అనేకులు భారతదేశపు కళాసీలు. 1915 డిసెంబరు 30న బొంబాయికి వస్తున్న 'పర్షియా' నౌకను మధ్యధరా సముద్రంలో ముందస్తు హెచ్చరిక లేకుండా ముంచివేసినప్పుడు, 519 మందిలో 343 మంది జలసమాధి అయ్యారు. మృతులలో కళాసీలూ ఉన్నారు. అవిభక్త బెంగాల్, అస్సాంలకు చెంది, ఆ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన 896 మంది కళాసీల జ్ఞాపకార్థం 1924లో కలకత్తాలో హుగ్లీ నది ఒడ్డున ఒక స్మారకాన్ని నెలకొల్పారు. మన కోస్తాకూ ఆ యుద్ధపు సెగ తగలకపోలేదు. మూడు బ్రిటిష్ నౌకలు మునిగిన 1914 సెప్టెంబరు 22 రాత్రే, 'ఎండెన్' అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవులోని చమురు ట్యాంకులపై గుళ్ళు కురిపించింది. అది జలాంతర్గామి కాకపోయినా, దాని గురి కూడా ప్రధానంగా సముద్ర వాణిజ్యం మీదనే.

యుద్ధకాలంలో డాయిల్‌పై ఒక వింత నింద కూడా పడింది. శత్రువుకు ఈ ఆలోచన అందించినది ఆయన కథేనని కొందరు ఆరోపించారు. మొదట అసంభవమని తోసివేసిన కథే, తరువాత అపచారమనిపించుకుంది. 1918లో ఈ కథ పేరిటనే సంపుటిని వెలువరిస్తూ, దేశానికి పొంచి ఉన్న ప్రమాదం వైపు ప్రజల దృష్టిని మళ్ళించడమే తన ఉద్దేశమని ఆయన పీఠికలో తెలియజేశాడు.

బాధ్యత గల స్థానాలలో ఉన్నవారు కల్పనా సాహిత్యాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నకు ఈ ఉదంతంలో ఒక సమాధానం దొరుకుతుంది. ఇలా జరుగుతుందా అని అడిగి, జరగదని తేల్చుకుంటే కథ అక్కడితో ముగిసిపోతుంది. ఒకవేళ జరిగితే మన గాదెలలో ఎన్నాళ్ళ తిండి ఉంది, ఓడల మీద ఉన్న మనుషులకు దిక్కెవరు అని అడిగితే, ఆ పఠనం కార్యాచరణకు దారితీస్తుంది. అడ్మిరల్ ఫిట్జెరాల్డ్ మనిషిలోని మంచిని నమ్మాడు. ఆ నమ్మకం విడువదగినది కాదు. కాని దానిని చూసుకుని ఏర్పాట్లు మానుకుంటే, అందుకు మూల్యం చెల్లించేది అభిప్రాయం చెప్పినవారు కాదు. ఓడ అడుగున కొలిమి దగ్గర నిలబడినవారు.