చలికాలపు ఎండలో గోల్కొండ నుండి గండిపేట వరకు

హైదరాబాదుకు చలికాలం స్వల్పకాలపు అతిథి. డిసెంబరులో అడుగుపెట్టి, జనవరి ముగిసేసరికి మూట సర్దుకుంటుంది. ఈ కొద్ది వారాలలో మధ్యాహ్నపు ఎండ సైతం హాయిగా ఉంటుంది. మార్చి దాటిందంటే గోల్కొండ రాళ్ళపై కాలు మోపడమే కష్టం. అయినా మన కుటుంబాలలో అనేకం ఈ రోజులను దుప్పట్లలోనూ, వివాహ విందులలోనూ గడిపివేస్తాయి. ఇంటిల్లిపాదీ ఆరుబయట ఒక పూట గడపటానికి దూర ప్రయాణాలు అక్కరలేదు. నగరపు పడమటి అంచు చాలు.

జనవరి తొలినాళ్ళలో సూర్యోదయం దాదాపు 6.45కు అవుతుంది. ఫజ్ర్ నమాజు ముగించి బయలుదేరిన వారికి తెల్లవారే వేళకు కోట గోడలు కనబడతాయి. గోల్కొండ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొట్టడం, ఆ ధ్వని బాలా హిసార్ వరకు వినిపించడం పిల్లలందరికీ తెలిసిన ముచ్చటే. మెట్లు మాత్రం మూడు వందలకు పైమాటే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను బలవంతంగా ఎక్కించవద్దు. నయా ఖిలాలో ఆఫ్రికా నుండి వచ్చిన ఒక బ్రహ్మాండమైన వృక్షం ఉంది. దాన్ని ‘హతియాన్ కా ఝాడ్’ అంటారు. దాని బోదె చూసిన పిల్లవాడు అది చెట్టా, గదా అని అడగక మానడు. అయితే అక్కడికి ప్రవేశం అన్ని వేళలా సులభం కాదు.

కోటకు సమీపంలోనే ఉన్న కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణం సంగతి వేరు. పచ్చిక, నీడ, నడిచేందుకు విశాలమైన దారులు ఉన్నాయి. వృద్ధులకు, పర్దా పాటించే స్త్రీలకు ఇంతకంటే అనువైన చోటు నగరంలో అరుదు. సెలవు దినాలలో రద్దీ ఉంటుంది గనుక వీలైతే మామూలు రోజున వెళ్ళటం మేలు. 2013లో ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఇక్కడ పునరుద్ధరణ పనులు చేపట్టింది. వర్షాలకు కూలిన బడీ బావిని మళ్ళీ నిలబెట్టారు. ఇక్కడి మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

ఈ ప్రాంగణంలో ఇబ్రాహీం కుతుబ్ షా సమాధి వద్ద తెలుగు ముస్లిం కుటుంబాలు కాసేపు ఆగాలి. 1580లో మరణించిన ఈ సుల్తానును ఆనాటి తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. ‘మీకు తెలుగెందుకు?’ అని బడిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక తలవంచుకునే పిల్లలు మనలో ఉన్నారు. వారికి ఆ గుమ్మటం కింద నిలబెట్టి చెప్పిన మాట పుస్తకంలో చదివినదాని కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆడపిల్లలకు హయాత్ బక్షీ బేగం సమాధిని, దాని పక్కనున్న మస్జిదును చూపండి. ఆమె ఒక సుల్తానుకు కుమార్తె, మరొకరికి భార్య, ఇంకొకరికి తల్లి. 1656లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలు నడిపింది ఆమెయే. హయత్‌నగర్ పేరు ఆమెదే. చివరి సుల్తాను తానాషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. 1687లో రాజ్యం కోల్పోయి, దౌలతాబాదులో బందీగా కన్నుమూసిన ఆయన ఖుల్దాబాదులో ఖననమయ్యాడు.

పిట్టలంటే ఇష్టపడే పిల్లలుంటే అమీన్‌పూర్ చెరువుకు తీసుకుపోవచ్చు. 2016లో ప్రభుత్వం దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. చలికాలంలో వలస బాతులతో పాటు ఫ్లెమింగోలు కూడా అక్కడ కనిపిస్తాయి. చుట్టూ భవనాలు పెరుగుతున్నాయి. చూడాలనుకునేవారు ఆలస్యం చేయవద్దు.

గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడువడని మన పెద్దలు అంటుండేవారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మళ్ళీ అటువంటి విపత్తు రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఆనకట్టలు తలపెట్టారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌కు సమీపంలో ఇప్పుడు విశాలమైన ఉద్యానవనం కూడా ఉంది.

ఇక భోజనం సంగతి. నిజానికి మన షికార్లలో సగం ఆనందాన్ని హరించేది ఇదే. పురుషులు, పిల్లలు నీటి ఒడ్డున తిరుగుతుంటారు. ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున మూడింటికి లేచి బగారా అన్నం, దాల్చా వండి, వెంట మోసుకొచ్చి, దస్తర్‌ఖాన్ పరిచి, వడ్డించి, గిన్నెలు సర్దేసరికి పొద్దు వాలిపోతుంది. ఆమె చూసిందల్లా పొయ్యి, టిఫిన్ క్యారియర్ మాత్రమే. దాన్ని షికారు అనటం ఎలా కుదురుతుంది? ఖిచ్డీ, ఖట్టా చాలు, లేదా రొట్టెలు, అరటిపండ్లు చాలు. ముందు రాత్రి ఉల్లిపాయలు తరిగే పని కొడుకులకు అప్పగించండి. వడ్డన పురుషులు చేయనివ్వండి. వంటకు మించిన పని ఏమీ పెట్టని ఆ ఒక్క పూట ఆమె అత్తగారి చెయ్యి పట్టుకొని నీటి వెంబడి మెల్లగా నడవగలుగుతుంది.

జొహర్, అసర్ నమాజుల కోసం ఒక చాప, నీళ్ళ సీసా వెంట ఉంచుకోవాలి. ఈ రోజులలో సూర్యుడు ఆరు కాకముందే అస్తమిస్తాడు, ఆ వెంటనే చలి మొదలవుతుంది. దాదీమాకు, పసిపిల్లలకు శాలువాలు పొద్దుటి మూటలోనే పెట్టుకొని వెళ్ళండి.