పసిపిల్లలతో పరద్వీప విహారము

విహారయాత్రకు పోవువారు చూడవలసిన స్థలముల పట్టికను ముందుగా వ్రాసికొందురు. మేమును అటులనే చేసితిమి. వేసవిలో బడికి సెలవు లీయగానే, మూడేండ్ల పిల్లవానిని, ఏడాదిన్నర పసిదానిని వెంటనిడుకొని, మా అత్తగారితో కూడ హిందూమహాసముద్రములోని మారిషస్ ద్వీపమునకు ఎనిమిది దినముల యాత్ర తలపెట్టితిమి. పటములో చూడగా ఆ దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు మాత్రమే. ఇంత చిన్న దీవిలో దినమునకు మూడేసి చోట్లు చూచుట ఏమి కష్టమని 21 స్థలములకు పట్టిక వేసితిమి. ఆ పట్టిక రెండవనాటి రాత్రికే చినిగిపోయినది. అది ఎట్లు చినిగెనో, దాని చోట వేఱొక పద్ధతి ఎట్లు కుదిరెనో చెప్పినచో, చంకబిడ్డలతో సముద్రతీరములకు పోదలచిన సోదరీమణులకు ఉపయోగపడునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మొదటి బస వాయవ్యతీరమున మోన్ ష్వాజీ అను చోటికి సమీపమున కుదిరినది. రెండవనాడు ఉదయముననే కారు కట్టించుకొని గంగాతలావునకు బయలుదేరితిమి. అది దీవి నడుమనున్న మెట్టప్రదేశములో, చల్లారిన అగ్నిపర్వతపు గుంటలో ఏర్పడిన సరస్సు. ఒడ్డున ఆలయములు, దారిప్రక్కన 33 మీటర్ల శివుని విగ్రహము కలవు. తీరమున ఎండ కాయుచుండగా బయలుదేరితిమి గదా యని పిల్లలకు పలుచని నూలుబట్టలు తొడిగితిమి. మెట్ట ఎక్కగానే చలిగాలి, తుంపర! పసిది వణకసాగెను. అత్తగారు తమ శాలువ తీసి దానికి చుట్టిరి. అచటినుండి షమరేల్ కొండలకు పోవు త్రోవ అంతయు మలుపులే. పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసికొనెను. షమరేలులో రంగురంగుల నేల యొకటి కలదు. అగ్నిపర్వతము వెడలగ్రక్కిన నల్లరాయి యుగయుగములుగా నానలకు చివికి, అందలి ఇనుము, అల్యూమినియము భస్మములై నిలువగా, ఎఱుపు, గోధుమ, ఊదా మొదలగు వన్నెలు తెరలుతెరలుగా ఏర్పడినవి. చూడదగినదే. కాని మేము చేరునప్పటికి పిల్లలిద్దరును కారులో నిద్రించుచుండిరి. ఒకరు కాపుండగా ఒకరు పోయి, పదేసి నిమిషములు చూచి వచ్చితిమి. మూడవదియైన ల మోర్న్ పర్వతమును కారు దిగకయే చూచి మరలితిమి. మే నెలలో అచట ఆఱు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. చీకటిలో రెండు గొంతుకల యేడ్పుతో బస చేరితిమి.

ఆ రాత్రి పిల్లలను నిద్రపుచ్చిన పిమ్మట అత్తగారు, "అమ్మాయీ, ఈ దినము మనము మూడు చోట్లు చూచితిమి గాని, పిల్లలు ఒక్క చోటనైన చూచిరా?" అని అడిగిరి. మేమేమియు బదులు చెప్పలేకపోయితిమి. మావారు పట్టికను తీసి చించివేసిరి. వేఱొక కాగితముపై, స్థలముల పేర్లకు బదులు, పిల్లల దినచర్యను వ్రాసికొంటిమి.

ఇచట మొదట తెలిసికొనవలసినది గడియారము. మారిషస్ కాలము మన కాలముకంటె గంటన్నర వెనుక. మనయింట ఆఱు గంటలకు లేచు బిడ్డ అచట నాలుగున్నరకే లేచి కూర్చుండును. మధ్యాహ్నపు ఒంటిగంట నిద్ర అచట పదునొకండున్నరకే ముంచుకొనివచ్చును. ఈ తేడాను దిద్దబోయి మేము మొదటి రెండు దినములును బాధపడితిమి. మూడవనాటినుండి దానిని దిద్దక, దానినే వాడుకొంటిమి. ఏడు గంటలకెల్ల పిల్లలు తిని, స్నానము చేసి సిద్ధముగా నుందురు. ఎండ ముదరకమునుపే, జనము మూగకమునుపే విహారము ముగించి, నిద్రవేళకు కారులోనో, బసలోనో ఉందుము. సాయంకాలము సముద్రపుటొడ్డు. ఏడు గంటలకు నిద్ర. దినమునకు ఒక్కటే విహారము, అదియును పూటలోపల. కారుప్రయాణము గంటకు మించినచో, అది నిద్రవేళతో కలియునట్లు చూచుకొనుట. ఇంతే మా క్రొత్త పట్టిక.

ఇక సముద్రమును గూర్చి. ఈ దీవి చుట్టును చాలవఱకు పగడపు దిబ్బలు కోటగోడవలె నిలిచియున్నవి. పెద్ద అలలు ఆ దిబ్బలకు కొట్టుకొని దూరముననే విరిగిపోవును. ఇవతలి నీరు చెఱువువలె నిశ్చలముగా, మోకాలిలోతున చాలదూరము పాఱియుండును. మన కోస్తాతీరమున పసిబిడ్డను అలలదరికి పోనీయము. ఇచ్చట మోన్ ష్వాజీలో పసిది గంటలకొలది నీటిలో కూర్చుండి ఇసుక తోడుచుండెడిది. ఒడ్డు పొడవునను మన తీరమునందు వలెనే సరుగుడు తోపులు. ఆ నీడలో చాప పఱచి, పెరుగన్నపు గిన్నెతో కూర్చుండినచో కాకినాడ తీరమునందే యున్నట్లు తోచును. అయితే ఒక్క జాగ్రత్త. నీటి యడుగున ముండ్లబంతులవంటి జీవులును, రాయివలె కదలక పడియుండు విషపుముల్లుల చేపయు నుండును గాన, పిల్లలకైనను పెద్దలకైనను కాళ్లకు రబ్బరు జోళ్లు లేక నీటిలో దిగరాదు.

దిబ్బల కోట అంతటను లేదు. దక్షిణమున సుయాక్ ఊరివద్ద గ్రీ గ్రీ అను చోట అది తెగిపోయినది. మహాసముద్రము నేరుగా వచ్చి నల్లరాతి గట్టులను మోదుచుండును. గంభీరమైన దృశ్యమని విని, ఆఱవనాడు చూడబోయితిమి. అచట మాకొక పాఠము కలిగినది. నాలుగు దినములుగా పిల్లవానికి సముద్రమనగా మోకాలిలోతు నీరే. గట్టుమీది పచ్చికలో నిలుచుండి మేము అలలను చూచుచుండగా, వాడు చేయి విడిపించుకొని, "నీళ్లు, నీళ్లు" అని కేకలువేయుచు క్రింది ఇసుకకు దిగు మెట్లవైపు పరుగెత్తెను. మావారు పరుగున పోయి మొదటి మెట్టువద్ద పట్టుకొనిరి. వాని తప్పేమున్నది? భయములేని నీటిని మేమే వానికి అలవాటు చేసితిమి. ఈ నీరు వేఱని చెప్పక తీసికొనివచ్చితిమి. ఆనాటినుండి క్రొత్త తీరమునకు పోయినప్పుడెల్ల, బండి దిగకమునుపే వానికి చెప్పి, చేయిపట్టిన పిదపనే తలుపు తీయుచుంటిమి.

గాలియు లెక్కలోనిదే. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు అచట తుపానుల కాలము. మే నెలలో ఆ భయము తీఱి చలికాలము మొదలగును. ఆగ్నేయపు గాలి బలపడును. అప్పుడు తూర్పు, దక్షిణ తీరములు గాలికెదురు, వాయవ్యతీరము గాలిమఱుగు. విమానాశ్రయమా, ఆగ్నేయమూలనున్నది. ఒక్కచోటనే బసచేసి దీవి యంతయు తిరుగబోయినచో పిల్లల బ్రతుకు కారులోనే గడచును. అందువలన నాలుగు రాత్రులు వాయవ్యమునను, తక్కినవి విమానాశ్రయమునకు దాపున బ్లూ బే తీరమునను ఉంటిమి. రెండు చోట్లను వంటగదిగల బసయే. బియ్యము, పప్పు అచటి అంగళ్లలో దొరకును. వీధులలో ధోల్ పురీ అను రొట్టె యమ్ముదురు. ఉడికించిన పప్పు పొడి లోపలబెట్టి పలుచగా ఒత్తి కాల్చినది. తీపిలేని బొబ్బట్టు అనవచ్చును. కారపు పచ్చడి పూయవద్దని చెప్పి పిల్లలకు పెట్టితిమి. ఇష్టముగా తినిరి.

మూడవనాటి ఉదయము పాంప్లెమూసులోని ఉద్యానవనమునకు పోయితిమి. అది పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారి కాలములో పెంచిన తోట. ఇప్పుడు ఆ దేశపు ప్రథమ ప్రధాని శివసాగర్ రాంగులాముగారి పేర నున్నది. చదునైన బాటలు, విశాలమైన నీడ, పిల్లబండి తోయుటకు అడ్డులేని త్రోవ. కొలనిలో అంచులెత్తిన పెద్ద పళ్లెరములవంటి ఆకులుగల తామరజాతి మొక్కలు కలవు. వాని పువ్వు మొదటి సాయంకాలము తెల్లగా విచ్చి, మఱునాటికి ఎఱ్ఱబాఱును. అచటనే శ్రీతాళవృక్షములను చూచితిమి. ఈ చెట్టు ఆకులమీదనే మన పెద్దలు గ్రంథములు వ్రాసిరని విన్నాము గాని చెట్టును కన్నులార చూచుట అదియే మొదలు. అది పదులకొలది యేండ్లు పెరిగి, ఒక్కసారి పూచి, కాచి, పడిపోవునట. ద్వారమువద్ద పండ్లమ్ము ఒక ముదుసలి అత్తగారి చీరకట్టు చూచి చేరవచ్చెను. ఆమె పూర్వులు తెలుగువారు. మాటలాడునది క్రియోలు భాష. తెలుగు మాట్లాడలేదు గాని, "సింహాద్రి అప్పన్న" అని చేతులు జోడించెను. అత్తగారును చేతులు జోడించిరి. అంతకుమించి మాటలు నడువలేదు. నడువవలసిన పనియు లేకపోయెను.

బ్లూ బే చేరిన పిమ్మట అచటి నీటిలో అడుగున అద్దము బిగించిన పడవ యెక్కి పగడములను, వన్నెచేపలను చూచితిమి. ఆ చోటు 1997 నుండి రక్షితప్రదేశము. పసిది అద్దముపై అఱచేయి వేసి, చేప పోయినవైపెల్ల ప్రాకెను. ఏడవనాడు మయేబూర్ దాపున ఇల్ ఒ ఎగ్రెట్ అను చిన్నదీవికి పోయితిమి. పడవప్రయాణము కొద్ది నిమిషములే. లోపల పిల్లబండి నడువదు గాన పసిదానిని పాతచీరతో వీపున కట్టుకొంటిమి. నల్లమానుల పూర్వపు అడవిని అచట తిరిగి పెంచుచున్నారు. 1990 ప్రాంతమున పదింటికి దిగిపోయిన గులాబివన్నె పావురములను అంతరింపకుండ కాపాడి పెంచిన చోట్లలో అదియు నొకటి. అంతరించిన స్థానిక తాబేళ్లకు బదులు, ఆల్డబ్రా దీవి తాబేళ్లను తెచ్చి విడిచిరి. అవి పండ్లు తిని గింజలను అడవియందంతటను చల్లును. మా పిల్లవాడు తనకంటె పెద్దదైన తాబేటి యెదుట గొంతుకూర్చుండి, అది ఒక ఆకు నమలువఱకు కదలలేదు. వెనుకటి పట్టిక యున్నచో, "రా, ఇంకను రెండు చోట్లున్నవి" అని లాగికొనిపోయియుందుము.

నడుమ చెప్పక విడిచినది ఒకటి కలదు. బస మార్చినదినమున, రాజధానియైన పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘట్టమువద్ద ఆగితిమి. 1834 మొదలు 1920 వఱకు కూలి యొడంబడికపై మనదేశమునుండి సుమారు నాలుగున్నర లక్షలమంది ఈ దీవికి వచ్చిరి. 1849 మొదలు రేవులో దిగినవారిని ఈ ఘట్టముననే చేర్చుకొని, పేరు వ్రాసికొని, తోటలకు పంపిరి. 2006లో ఇది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి వచ్చిరి గనుక తెలుగువారికి అచట కోరంగులని పేరు. పిల్లలు కారులో నిద్రించుచుండగా మావారు నీడను కాపుండిరి. మేమును అత్తగారును లోనికి పోయితిమి. నల్లరాతి మెట్లు పదునాఱు. ఓడ దిగినవారు ఎక్కిన మెట్లవి.

అత్తగారు చాలసేపు నిలుచుండి, "చంకబిడ్డలతో వచ్చినవారును ఉండిరా?" అని అడిగిరి. ఉండిరని చెప్పితిమి. వారాలకొలది నడిసముద్రమున, ఓడగర్భములో పసిబిడ్డను ఓదార్చుచు వచ్చిన తల్లికి, ఏ తీరము చేరుదుమో, అచట ఏమి దొరకునో తెలియదు. మేము ఒక్క పూట ప్రయాణమునకు మందులు, ఉన్నిబట్టలు, కాచిన నీరు, మూడు మార్లు తిరుగవ్రాసిన పట్టికతో వచ్చి కూడ అలసితిమని మొఱపెట్టుకొంటిమి గదా యని సిగ్గువేసెను. తరువాత మేము పిల్లలయొద్ద నిలిచి మావారిని పంపితిమి. పసిది నిద్రలోనే చీరకుచ్చెళ్లు పట్టుకొనెను.

లెక్క చూచుకొన్నచో 21 స్థలములలో మేము చూచినవి ఏడు. ఇంటికి వచ్చి నెల గడచినది. పిల్లవాడు ఇప్పటికిని పెరటిలో గొంతుకూర్చుండి, ఆకు నమలుచు తాబేలు నడక నడచుచున్నాడు. చూడక విడిచిన పదునాలుగు స్థలములును అచటనే యుండును. ఈ మూడేండ్ల యీడు మాత్రము మరల రాదు. కావున సోదరీమణులారా, పసివారితో తీరమునకు పోవునపుడు మొదట వారి నిద్రవేళను వ్రాసికొని, స్థలముల పేర్లను దాని క్రింద వ్రాయుడు. పేర్లు కొన్నియే పట్టును, అవియే చాలును.