మత్తు తెర

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలోని కచుని వృత్తాంతం సుప్రసిద్ధం. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునికి ఇచ్చారు. మృతసంజీవని ఎరిగిన మహాజ్ఞాని అయి ఉండీ, తాను తాగుతున్నది ప్రియశిష్యుని చితాభస్మమని ఆయన గ్రహించలేకపోయాడు. తెలిసిన పిమ్మట సురాపానాన్ని మహాపాపంగా శాసించాడు. మత్తు వివేకాన్ని ఎంతగా కప్పివేస్తుందో చెప్పడానికి వేరొక కథ అక్కరలేదు.

నేడు సురకు తోడుగా గంజాయి, హెరాయిన్, మత్తు మాత్రలు వచ్చి చేరాయి. సుర మాత్రం ఎక్కడికి పోయింది గనుక! తూర్పు కనుమల మన్యసీమలో దొంగచాటుగా పండిన గంజాయి పరరాష్ట్రాలకు సైతం తరలిపోయింది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరిట వేలాది ఎకరాలలో ఆ పైరును ధ్వంసం చేశారు. 2024లో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. అయితే పైరును పెరికినంత సులభంగా అలవాటును పెరకలేము.

ఈ అలవాటు తరచుగా స్నేహితుని చేతి మీదుగానే వస్తుంది. "ఒక్కసారికి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు మెదడు తన రీతిలో సమాధానం చెబుతుంది. మాదకద్రవ్యం డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కుమ్మడిగా పెంచుతుంది. ఆ పొంగు ముందు ఆట, పాట, అమ్మ చేతివంట వంటి సహజానందాలు వెలవెలబోతాయి. కొంతకాలానికి పాత మోతాదు చాలదు. మానితే చిరాకు, నిద్రలేమి. అప్పటినుండి సేవించేది సుఖం కోసం కాదు, బాధ తప్పించుకోవడానికే. మంచిచెడ్డలను తూచే మెదడు ముందుభాగం సుమారు ఇరవై ఐదేండ్ల వరకు పరిణతి చెందుతూనే ఉంటుంది. అందుచేత పదహారేండ్ల ప్రాయంలో హాని అధికం. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ముందుగా దెబ్బతింటాయి.

జేబు ఖర్చుకు ఆశపడి ఎవరి సంచినో మోసే యువకుల స్థితి మరింత దయనీయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడి, నేరం రుజువైతే పదేండ్లకు తక్కువ కాని కఠిన కారాగారశిక్ష పడుతుంది. సంచిలో ఏమున్నదో ఎరుగనని నిరూపించుకోవలసిన భారం మోసినవానిదే.

ఇంత కఠినమైన చట్టమే ఒక తలుపు తెరిచి ఉంచింది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడితే, 64-ఎ సెక్షను అతనికి విచారణ నుండి మినహాయింపు ఇస్తుంది. చికిత్సను మధ్యలో విడిచిపెడితే ఆ రక్షణ తొలగిపోవచ్చు. పరువు పోతుందని బిడ్డ వ్యసనాన్ని దాచే తల్లిదండ్రులలో ఎందరికో ఈ సంగతి తెలియదు. 14446 అనే జాతీయ సహాయకేంద్రానికి ఫోను చేస్తే సలహా ఉచితంగా లభిస్తుంది. ఫోను తండ్రే చేయనక్కరలేదు, పక్క బల్ల మీద కూర్చునే స్నేహితుడైనా చేయవచ్చు.