ఎలుగుబంటి వీపు

బాలలారా! మీలో ఎవరైనా ఎలుగుబంటి మీద సవారీ చేశారా? నేను చేశాను. నమ్మకం లేకపోతే మీ తాతయ్యలను, నాయనమ్మలను అడిగి చూడండి. వాళ్ళలో ఒకరిద్దరైనా చేసే ఉంటారు.

అప్పుడు నాకు 5 ఏళ్ళు. మాది నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక చిన్న పల్లె. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాణ్ణట. ఎలుగుబంటి మీద ఎక్కిస్తే పిల్లల జడుపు పోతుందని ఆ రోజుల్లో పెద్దల నమ్మకం. ఒకనాడు ఎలుగును ఆడించేవాడు మా వాకిట్లోకి వచ్చాడు. అమ్మ అతనికి మానెడు జొన్నలు పోసింది. అతను నన్నెత్తి ఆ నల్లటి వీపుమీద కూచోబెట్టి, వాకిట్లో మూడు చుట్లు తిప్పాడు. నేను రెండు గుప్పిళ్ళతోను దాని వెంట్రుకలు గట్టిగా పట్టుకున్నాను. కొబ్బరిపీచులాగా గరుకుగా ఉన్నాయి. నన్ను దించాక అతను నాలుగు వెంట్రుకలు పీకి ఇస్తే, అమ్మ వాటిని తాయెత్తులో పెట్టి నా మెడకు కట్టింది.

జడుపు పోయిందో లేదో నాకు గుర్తు లేదు. మరొకటి మాత్రం గుర్తున్నది. ఎలుగుకు వేసిన తాడు మెడకు లేదు. మూతిమీద బెజ్జం పొడిచి, అందులో నుంచి వేశారు. తాడు లాగినప్పుడల్లా అది లేచి నిలబడేది. దాన్నే మేము నాట్యమనుకొని చప్పట్లు కొట్టేవాళ్ళం.

పెద్దవాణ్ణయి, బడిపంతులునయిన తరువాత కూడా నాకు బుద్ధి రాలేదు. ఒకసారి అట్లాంటివాడే బడి ఆవరణలోకి వస్తే, నేనే పిల్లలను వరుసగా నిలబెట్టి ఆట చూపించాను. జంతుశాస్త్రపాఠం చెబుతున్నాననుకున్నాను!

ఉద్యోగ విరమణ చేశాక, ఒక ఏప్రిల్ నెలలో మన్ననూరు వెళ్ళాను. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. అక్కడి నల్లమల కొండల్లోనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నది. దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న చెంచు కుర్రవాడు ఇప్పుడు అక్కడ అడవికాపలా ఉద్యోగంలో ఉన్నాడు. అటవీశాఖ వారి జీపులో ఫరహాబాద్ వైపు బయలుదేరాము. మొదటి రోజు దుప్పులు, నెమళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఎలుగు తవ్విన గుంటలు, తునికిగింజలు నిండిన దాని పెంట మాత్రం చూచాము.

రెండవ రోజు పొద్దు వాలుతున్నది. ఇప్పపువ్వు రాలి అడవంతా తియ్యటి వాసన. ఉన్నట్టుండి, ఎవరో కట్టెలపొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊదుతున్నట్టు ‘భుస్, భుస్’మని చప్పుడు వినిపించింది. జీపు ఆగింది.

“సప్పుడు జెయ్యకుండ్రి సార్, దిగకుండ్రి. గాలి దాని దిక్కుకెల్లి మన దిక్కొస్తున్నది. మన వాసన దానికి తెల్వది,” అన్నాడు కుర్రవాడు నా చెవిలో.

సుమారు 50 గజాల దూరంలో ఒక ఎలుగు చెదపుట్టను తవ్వుతున్నది. గోళ్ళు కొడవళ్ళలాగా ఉన్నాయి. అది ఎట్లా తింటుందో చెబుతాను, వినండి. ముందు పుట్టను పగలగొట్టి, గట్టిగా ఊది దుమ్ము పోగొడుతుంది. తరువాత ముక్కురంధ్రాలు మూసుకొని, పెదవులను గొట్టంలాగా ముందుకు చాచి చెదలను జుర్రుతుంది. దీనికి పైవరుసలో ముందరి పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోనుంచే చెదలు లోపలికి పోతాయన్నమాట. ఆ చప్పుడు 100 మీటర్లు దాటి వినిపిస్తుంది. ఇంత కష్టపడే జంతువుకు ఇంగ్లీషులో ‘స్లాత్ బేర్’ అని పేరు! 1791లో జార్జి షా అనే శాస్త్రజ్ఞుడు ఆ పొడవాటి గోళ్ళను చూచి, దీన్ని స్లాత్ అనే జంతువు జాతిలో చేర్చాడు. స్లాత్ అంటే సోమరి. గోళ్ళను చూచి సోమరి అనడం మా పంతుళ్ళకు కూడా అలవాటే లెండి.

ఇంతలో పుట్టవెనుకనుంచి రెండు చిన్న ముద్దలు బయటికి వచ్చాయి. పిల్లలు! ఎక్కడో నెమలి అరిచింది. తల్లి చటుక్కున తల ఎత్తింది. వెంటనే ఒక పిల్ల తల్లి వెంట్రుకలు పట్టుకొని వీపుమీదికి ఎగబాకింది. ఎలుగు పిల్లలు కొన్ని నెలలపాటు ఇట్లాగే తల్లి వీపుమీద తిరుగుతాయి. చిరుతపులికి చెట్టెక్కడం తెలుసు కనుక పిల్లలకు చెట్టుకన్న తల్లి వీపే క్షేమం.

నా రెండు చేతులూ వాటంతట అవే పిడికిళ్ళయినాయి. నేను పట్టుకున్నదీ అక్కడే, ఆ భుజాల దగ్గరి జూలునే.

ఆడించేవాళ్ళకు ఎలుగులు ఎట్లా దొరికేవో మాకెవరికీ తోచలేదు. వేటగాళ్ళు గుహలలోనుంచి పిల్లలను ఎత్తుకు వచ్చేవాళ్ళు. తల్లి ఊరికే వదలదు కనుక చాలాసార్లు ముందు దాన్ని చంపేవాళ్ళు. నన్ను మోసిన ఎలుగు కూడా అట్లా వచ్చినదే అయి ఉండాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1998లో ప్రభుత్వం ఎలుగులను ఆడించడాన్ని నిషేధించింది. ఆ తరువాత 600కు పైగా ఎలుగులను విడిపించి ఆగ్రా, బెంగుళూరు దగ్గర బన్నేరుఘట్ట మొదలైనచోట్ల ఆశ్రయమిచ్చారు. ఆడించేవాళ్ళూ పేదవాళ్ళే, వాళ్ళలో చాలామందికి వేరే పనులు చూపించారు. మూతికి బెజ్జం పొడిచి, కోరలు ఊడగొట్టిన ఎలుగును మాత్రం మళ్ళీ అడవిలో వదలడానికి వీలులేదు.

తల్లి నాలుగడుగులు నడిచి ఆగింది. రెండవ పిల్ల ఇంకా పుట్టమన్ను నాకుతున్నది. తల్లి వెనక్కు తిరిగి గుర్రుమన్నది. పిల్ల పరుగెత్తుకు వచ్చి ఎక్కబోయి జారింది, మళ్ళీ ఎక్కింది. అప్పుడు గాని తల్లి కదలలేదు.

“సార్, భయమైందా? చేతులు వణుకుతున్నయి,” అన్నాడు కుర్రవాడు.

నేనేమీ చెప్పలేదు. అతను జేబులోనుంచి నోటుపుస్తకం తీసి, టార్చి వెలుగులో వ్రాసుకున్నాడు: తల్లి ఒకటి, పిల్లలు రెండు.