మిల్లు దగ్గర ఆపు

మనం పచ్చడి చేసుకునే గోంగూర ఉంది కదా, దాని కాండం నుంచి తీసే నారకి బయటి దేశాల్లో ‘బిమ్లి జూట్’ అని పేరు. బిమ్లి అంటే మన భీమిలే. ఆ దగ్గర్లోని చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. సైరన్ లేదు, షిఫ్టులు లేవు. చుట్టూ లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు వచ్చేస్తున్నాయి. ఆటోలో మాత్రం ఇప్పటికీ ‘మిల్లు దగ్గర ఆపు’ అనే అంటాం.

రేపు అక్కడ ఏం కట్టినా పార్కు, వాకింగ్ ట్రాక్ ఎలాగూ పెడతారు. మంచిదే. కానీ ఆ మిల్లులో పనిచేసిన మా వీధి తాతయ్యలు ఇప్పుడు టీకొట్టు బల్ల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. వాళ్లకి టికెట్ అడగని ఓ అరుగు, ఓ చెట్టు నీడ కావాలి. నన్నడిగితే ప్లానులో ముందు ఆ అరుగు గీసి, మిగతావి తర్వాత గీయాలి.