మామ్మ లెక్కల గోడ

బరంపురంలో మా పాతింటి నడిమిగది గోడ సున్నపు గార. దాని మీద మామ్మ పెన్సిలుతో రాసిన పాల లెక్కలున్నాయి, తెలుగంకెల్లో. బళ్లో మేం చదివింది ఒడియా. ౧, ౨, ౩ పట్టుబడ్డది ఆ గోడ దగ్గరే.

పెచ్చులూడుతోందని తాపీమేస్త్రి మొత్తం గీకేసి సిమెంటు పూస్తానన్నాడు. "గీకితే మామ్మ చేతిరాత పోద్ది అన్నా" అన్నాడు తమ్ముడు. అందుకని గోడ ముందు జిప్సం బోర్డు నిలబెట్టాం. ఇద్దరికీ కొత్తే, వీడియోలు చూసుకుంటూ చేశాం.

నేలకీ పైకప్పుకీ ఇనప చానళ్లు బిగించి, రెండేసి అడుగులకో నిలువు చానల్ పెట్టాం. పాత గోడకి ఒక్క మేకూ దించలేదు. బోర్డు కోయడం తేలికే: కత్తితో పైకాగితం గీసి వెనక్కి వంచితే టప్పున విరుగుతుంది, వెనక కాగితం కోస్తే సరి. స్క్రూలకే చెయ్యి తిరగాలి. తల కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగాలి, చిరిగిందా పట్టుండదు. కింద అరంగుళం వదిలాం, లేకపోతే తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్లు పీల్చేస్తుంది. చెమ్మ గోడలున్నవాళ్లు మాత్రం ఈ పని పెట్టుకోకండి, వెనక బూజు పడుతుంది. మేం వానాకాలమంతా గోడని చూశాకే మొదలెట్టాం.

అతుకులన్నిటికీ టేపేసి పుట్టీ పూశాం, లెక్కలున్న చోట తప్ప. అక్కడి బోర్డు చుట్టూ చెక్క పట్టీలు బిగించాం. అవి తీసి స్క్రూలు విప్పితే గోడ కనిపిస్తుంది. మా అమ్మాయికి ఇంకా తెలుగంకెలు రావు.